అబిడ్స్ ఆదివారం బజారు: అరవై రూపాయల గోపీచంద్

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉండగా, జనరల్ పోస్టాఫీసు పరిసరాల ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారన్నది నగరంలో చాలామందికి తెలిసిన సంగతే. పోటీ పరీక్షల గైడ్ల కోసం కాక, ఈ ఉద్యోగం, ఈ వాయిదాలు, ఈ పరుగు ఎందుకన్న ప్రశ్నతో వెళ్లేవారికి ఆ బజారు ఎంతవరకు పనికివస్తుందో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

నేను ముందుగా వెళ్లింది అక్కడికి కాదు. పన్నెండు వేలు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. జీవిత లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించమన్నారు, అతికించాను. నెల తిరిగేసరికి దాని మీద కరెంటు బిల్లు చేరింది.

అబిడ్స్‌లో కొన్నది రచయిత త్రిపురనేని గోపీచంద్ నవల 'అసమర్థుని జీవయాత్ర'. అమ్మే పెద్దాయన అట్ట మీది దుమ్ము దులిపి, వెనక అచ్చయిన ధరకు బొటనవేలు అడ్డం పెట్టి వంద అన్నాడు, అరవైకి తెగింది. 1940ల నాటి ఈ నవలలో సీతారామారావు వంశప్రతిష్ఠ అనే మాటను తలకెక్కించుకుని ఆస్తిని కరగబెట్టి, ఆపైన తన చేతకానితనానికి లోకం నుంచీ, సిద్ధాంతాల నుంచీ సమర్థనలు తెచ్చుకుంటూ, భార్యను హింసిస్తూ పతనమవుతాడు. చదువుకున్నవాడు దాక్కోవడానికి తత్వం కూడా ఒక చాటే అవుతుందని ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన పుస్తకాన్ని నేను వేరే చదవలేదు. ఫ్రిజ్ మీది నా వాక్యం గుర్తొచ్చి సిగ్గేసింది. ఎందుకు అని అడగడం నేర్పినందుకు ఆ నవలను రచయిత తన తండ్రి, హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు. ఆ ప్రశ్నతోనే రాజకీయ తాత్వికుడు ఎం.ఎన్. రాయ్ చెప్పిన, మనిషినే కేంద్రంగా చూసే నవ్య మానవవాదం దాకా వెళ్లి, చివరి దశలో యోగి అరవిందుల ఆధ్యాత్మిక తత్వం వైపు మళ్లిన గోపీచంద్ తానే ఒక్క జవాబు దగ్గర ఆగలేదని తెలిశాక, నాకు జవాబు దొరకలేదన్న తొందర కొంత తగ్గింది.

రెండు నెలలకు ఆయనదే 'తత్వవేత్తలు' వేరొకరి దగ్గర దొరికింది. ప్రాచ్య, పాశ్చాత్య తాత్వికులను పత్రికలు చదివే పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో పరిచయం చేసే పుస్తకమది. అయితే ఇంటికొచ్చి చూస్తే పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు కుట్టి ఉంది, దాని తర్వాతది అసలే లేదు. మరుసటి ఆదివారం తిరిగి ఇద్దామంటే, అమ్మినతను కూర్చున్న చోట చెప్పులు అమ్ముతున్నారు.

తెలుగు సాహిత్యం కోసమే వచ్చేవారు ఓపిక తెచ్చుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషు థ్రిల్లర్లు, ఇంజినీరింగ్ పుస్తకాల గుట్టల మధ్య తెలుగువి చాలా తక్కువ, ఉన్నవీ వరుసలో ఉండవు. సాహిత్యం అని అడిగితే ఒకాయన డీఎస్సీ మెటీరియల్ చేతికిచ్చాడు. వానాకాలంలో పుస్తకాలు టార్పాలిన్ కింద చెమ్మగిల్లి ఉంటాయి. ధర విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. నాంపల్లి మెట్రోలో దిగి నడిచి వెళ్లవచ్చు. ఎండ ముదరకముందే వెళ్లండి, పేజీల అంకెలు వరుసగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు తీయండి.