కుక్కల కింద వేసే కరెంటు ప్యాడ్లు కొనేముందు ఇది చదవండి: గోదావరి జిల్లాల వాళ్లకు జాగ్రత్త

కార్తీకం దాటిందంటే కుక్కలున్న ఇళ్లవాళ్ల ఫోన్లలో ఒకటే ప్రకటన. పెట్ హీటింగ్ ప్యాడ్, వెయ్యి లోపు ధర, ఏడు రకాల వేడి, మెత్తటి బొచ్చు కవరు, దాని మీద ముడుచుకుని పడుకున్న కుక్కపిల్ల ఫొటో. పేరూ ఊరూ లేకుండా వచ్చే ఈ చౌక ప్యాడ్ల గురించే ఈ హెచ్చరిక. ఇప్పటికే కొన్నవాళ్లుంటే ముందు ప్లగ్గు పీకేయండి. కింద చెప్పిన పరీక్షలో నెగ్గితేనే మళ్లీ పెట్టండి.

డబ్బా చేతికి రాగానే దాని మీద ఏం రాసుందో చూడండి. తయారు చేసినవాళ్ల పేరు, అడ్రసు, దిగుమతి సరుకైతే తెప్పించినవాళ్ల పేరు, ఏ దేశంలో తయారైందన్నది, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయాల్సిన నంబరు ప్యాకెట్ మీద ఉండి తీరాలని 2011 లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. ఈ ప్యాడ్లలో చాలావాటికి అవేవీ ఉండవు. సీఈ అనే గుర్తు మాత్రం పెద్దగా కనిపిస్తుంది. అది యూరప్ అమ్మకాల కోసం తయారీదారు తనంతట తాను వేసుకునే గుర్తు, మన దేశపు పరీక్షకూ దానికీ సంబంధం లేదు. ఐఎస్ఐ మార్కు ఉందంటే దాని దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును, ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఏ వస్తువుకిచ్చారో వచ్చేస్తుంది. ఫ్యానుకిచ్చిన నంబరును ప్యాడ్ మీద అచ్చువేసినా అక్కడ దొరికిపోతుంది.

తర్వాత ప్లగ్గు చూడండి. రెండు చపటా పిన్నులుండి, దానికో అడాప్టరు జత చేసి పంపారంటే అనుమానించండి. అలాంటి పిన్నులు ఎక్కువగా 110 వోల్టుల కరెంటుండే దేశాలవి. వైరు మీదో, లోపలి గుడ్డకు కుట్టిన చీటీ మీదో 110 అని ఉంటే ఆ ప్యాడ్ మన ఇంట్లో అస్సలు పెట్టకూడదు. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. 20 వాట్లకని చేసిన ప్యాడ్ మన 230 వోల్టుల మీద దాదాపు 87 వాట్లు లాగుతుంది.

సరే, 230 అనే రాసుంది, పిన్నులూ మనవే. అయినా చాలదు. చౌకరకం కవరు విప్పితే లోపల ఒక పలచటి ఫెల్టు గుడ్డ, దాని మీద పాములా తిప్పి టేపుతో అంటించిన ఒక్క వేడి తీగ ఉంటాయి. వేడి ఇంతకు మించకూడదని ఆపే థర్మోస్టాట్ ఉండదు. స్విచ్చిలో ‘తక్కువ’ అన్నచోట ఒక చిన్న డయోడ్ పెట్టి కరెంటును సగం చేస్తారు, అంతే. ప్యాడ్ ఎంత వేడెక్కిందో ఆ స్విచ్చికి తెలిసే దారే లేదు. పైగా పల్లెల్లో అర్ధరాత్రి దాటాక వాడకం తగ్గి వోల్టేజి పెరుగుతుంది. 230 కాస్తా 250 అయితే వేడి 18 శాతం పెరుగుతుంది. సాయంత్రం చెయ్యి పెట్టి చూసి బాగానే ఉందనుకున్న ప్యాడ్ రాత్రి రెండింటికి అలాగే ఉండదు.

చెయ్యి పెట్టి చూడటమనేదే పెద్ద పొరపాటు. మనం నిమిషం సేపు పెడతాం, కుక్క తెల్లవార్లూ పడుకుంటుంది. 44 డిగ్రీల వేడి ఆరు గంటలు అంటుకుని ఉంటే మనిషి చర్మమే కాలుతుంది. నిమిషం పాటు అదే 44 మనకు వెచ్చగా, హాయిగా ఉంటుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39.2 డిగ్రీలు. అది మీద పడుకోగానే కింది వేడికి బయటికిపోయే దారి మూసుకుపోయి, ప్యాడ్ ఉట్టిగా ఉన్నప్పటికంటే ఎక్కువ కాలుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కైతే లేచి పక్కకు పోతుంది. కీళ్లు పట్టేసిన ముసలి కుక్క లేవలేదు. ఆపరేషనై మత్తులో ఉన్నది లేవదు. వారం రోజుల పిల్లకు పక్కకు జరిగే సత్తువ చాలదు. గొలుసుతో కట్టేసినా, బోనులో ప్యాడ్ మొత్తం పరిచేసినా ఏ కుక్కకీ తప్పించుకునే చోటుండదు. ఇంకా ఘోరమేమిటంటే కాలిన సంగతి వెంటనే తెలియదు. బొచ్చు కప్పేస్తుంది. కొన్ని రోజులు పోయాక పొట్ట పక్కనో తొడ మీదో చర్మం అట్టకట్టి, వెంట్రుకలు పెళ్లలుగా ఊడినప్పుడు బయటపడుతుంది. అప్పటిదాకా ఇంట్లోవాళ్లు అదే ప్యాడ్ మీద పడుకోబెడుతూనే ఉంటారు.

ఇక షాకు సంగతి. కుక్కపిల్ల పక్కలో పోసుకుంటుంది. ఉచ్చ అంటే ఉప్పునీళ్లే, కరెంటు బాగా పారుతుంది. కుట్టుతో అతికించిన గుడ్డ కవరును వాటర్‌ప్రూఫ్ అని అమ్ముతున్నారు. కుట్టున్న ప్రతిచోటా సూది బెజ్జాలుంటాయి, తడి లోపలికి దిగుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారే పిల్ల వైరు కనిపిస్తే నమలకుండా ఉండదు. కాబట్టి వైరుకు మొదటి మీటరైనా స్టీలు తొడుగు ఉండాలి. ఇంట్లో ఎంసీబీ (మెయిన్ బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్చి) ఉందిలే అనుకోకండి. అది షార్ట్ సర్క్యూట్‌కు పడుతుంది గానీ ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటుకు పడదు. అందుకు కొద్దిగా కరెంటు లీకైనా పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. అది లేని ఇంట్లో, ఎర్త్ సరిగా లేని పాత డాబా ఇళ్లలో కుక్క కింద 230 వోల్టుల ప్యాడ్ పెట్టకూడదన్నది మా గట్టి మాట.

పరీక్ష ఇలా చేయండి. ప్యాడ్‌ను చెక్క బల్ల మీద పరిచి, ఎక్కువ వేడి మీద పెట్టండి. పైన నాలుగు మడతల దుప్పటి కప్పి, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు బరువుగా పెట్టండి. మనిషి దగ్గరే ఉండి మూడు గంటలు ఆగండి. తర్వాత దుప్పటి కిందికి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు దూర్చి ఐదు చోట్ల చూడండి: నడిమధ్య, రెండు మూలలు, మడత పడిన చోటు, వైరు లోపలికి దిగేచోటు. సెల్సియస్‌లో 38, 39 వస్తే పరవాలేదు. 40 దాటితే వాడొద్దు. ఈ థర్మామీటర్లు 42, 43 దాకానే చూపిస్తాయి. అంకె పోయి హెచ్ అనే అక్షరం వచ్చిందంటే అంతకు మించి కాలుతోందని అర్థం, వెంటనే ఆపేయండి. మధ్యలో 38 ఉండి, వైరు మొదట్లో 45 దాకా కాలే ప్యాడ్లుంటాయి, అందుకే ఐదు చోట్లన్నది. ఎలక్ట్రీషియన్ దగ్గర కరెంటు లీకును కొలిచే మెగ్గర్ ఉంటే 500 వోల్టుల మీద తీగకూ తడిగుడ్డ చుట్టిన పై కవరుకూ మధ్య చూడమనండి. 2 మెగా ఓమ్‌లకు తగ్గిందంటే లోపల లీకుంది. ప్యాడ్‌ను మడిచి అటకెక్కించే అలవాటున్నవాళ్లు ఇంకో సంగతి గమనించండి. మడతలో తీగ సగం తెగి, ఆ చోటే నిప్పులా కాలుతుంది. చుట్టి పెట్టాలి గానీ మడవకూడదు.

అసలు మన దగ్గర ఈ ప్యాడ్ ఎంతమందికి అవసరం? లంబసింగి చలి కాదు మనది. డెల్టాలో జనవరి తెల్లవారుజామున మామూలుగా 18, 19 డిగ్రీలుంటుంది, గట్టి చలి రాత్రి 15 దాకా దిగొచ్చు. పెద్ద కుక్క, కడుపు నిండా తిన్నది, పొడి చోట పడుకుంటే ఇది తట్టుకోలేని చలి కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్‌లాంటి దట్టమైన బొచ్చువాటికి అసలే అక్కర్లేదు. డాబర్‌మన్, బాక్సర్, డాక్స్‌హండ్, పలచటి బొచ్చు నాటు కుక్కలు, ముసలివి, పిల్లలు వణుకుతాయి. వాటిని కూడా మన దగ్గర వణికించేది గాలి చల్లదనం కంటే చెమ్మ, గచ్చు. కాలవ గట్టు ఇళ్లల్లో, చేపల చెరువుల పక్కన తెల్లవారుజామున మంచు కమ్మితే పక్కబట్టలు తడిసినట్టే ఉంటాయి. కింద గ్రానైటో టైల్సో ఉంటే ఒంటి వేడిని రాత్రంతా పీల్చేస్తుంది. ఇవి రెండూ ఆపితే కరెంటుతో పనిలేదు.

నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున చెక్క పలక వేయండి. పాత తలుపు ముక్కైనా, బోర్లించిన ప్లాస్టిక్ పళ్ల క్రేట్లైనా సరే. దాని మీద కొబ్బరి పీచు పట్టా, రెండు సెంటీమీటర్ల మందం. కోనసీమలో దొరకని ఊరుండదు. పీచు చెమ్మకు త్వరగా కుళ్లదు, మధ్యలో గాలి నిలుస్తుంది, ఆ గాలే చలిని ఆపుతుంది. అయితే నేరుగా దాని మీద పడుకోబెడితే మోచేతుల దగ్గర చర్మం గీసుకుపోతుంది. పైన పాత చీరలతో కుట్టిన బొంత రెండు మడతలు వేయండి. చుట్టూ ఓ జానెడు అంచు కట్టండి. వెడల్పు, కుక్క ముడుచుకుని పడుకున్నదానికి ఒక బెత్తెడు ఎక్కువ, అంతే. మరీ పెద్దదైతే ఒంటి వేడి నిలవదు. గూడు కొనేవాళ్లు కూడా ఇక్కడే మోసపోతున్నారు. పెద్దదైతే మంచిదని చెప్పి రేకు గూడు అంటగడతారు. రేకు లోపలివైపు తెల్లారేసరికి నీళ్లు పట్టి బొట్లుబొట్లుగా కుక్క మీద కారతాయి. రేకు గూడు ఇప్పటికే ఉంటే లోపల థర్మాకోల్ కాకుండా ప్లైవుడ్ కొట్టించండి, థర్మాకోల్‌ను కొరికి మింగుతాయి. గుమ్మం ఉత్తరానికి ఉండకూడదు, చలిగాలి అటునుంచే. తూర్పుకో దక్షిణానికో తిప్పితే పొద్దున్నే ఎండ కూడా పడుతుంది.

సార్వా గడ్డి వేసేవాళ్లు ఈ ఏడాది కోసినది, బాగా ఎండినది తీసుకుని జానెడు మందం పరవండి, వారానికోసారి మార్చండి. గడ్డివాము అడుగున నల్లబడిన గడ్డి బూజు పట్టినది, దాంతో దగ్గు, దురద. యూరియా, పురుగుమందు బస్తాల పట్టాలు ఎంత ఉతికినా వాడొద్దు. పక్క ఏదైనా సరే, పొద్దున పదింటికి మంచు ఆరాక ఎండలో వేసి, సాయంత్రం నాలుగు లోపే లోపలికి తెచ్చుకోవాలి. ఐదున్నర దాకా బయటుంచితే మళ్లీ చెమ్మ పట్టేస్తుంది.

పెట్టెలోంచి తీసిన పాత రగ్గు విషయంలో చాలా జాగ్రత్త. కలరా ఉండలు వేసి దాచిన రగ్గును అలాగే కుక్కకు పరిచేస్తారు. మడతలో ఒక్క ఉండ మిగిలి కుక్క నమిలిందంటే రక్తకణాలు పగిలి ప్రాణం మీదికొస్తుంది. దులిపి, ఉతికి, రెండు రోజులు ఎండలో వేసి వాసన పూర్తిగా పోయాకే వాడండి.

వేడి నిజంగా కావాల్సింది తల్లి లేని పసి కుక్కపిల్లలకు. మొదటి వారం వాటికి వణికి వేడి పుట్టించుకోవడం కూడా రాదు. వాటి చుట్టూ మొదటి వారం 30 నుంచి 32 డిగ్రీలుండాలి, వారం వారం తగ్గిస్తూ నాలుగో వారానికి 24 దగ్గరకు తేవాలి. అట్టపెట్టెలో సగం వరకే వేడి పెట్టండి, మిగతా సగం చల్లగా ఉంటే అవే జరుగుతాయి. రబ్బరు వేడినీళ్ల సంచి చాలు: మరిగే నీళ్లు వద్దు, చెయ్యి ఓర్చుకునేంత వేడివి మూడింట రెండొంతులు పోసి, గాలి తీసి, రెండు పొరల తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, కింద కాదు. చల్లారిన సంచిని వెంటనే తీసేయండి, లేకపోతే అదే పిల్ల ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒళ్లు చల్లబడి వేలాడుతున్న పిల్లకు పాలు పట్టకండి, 35 డిగ్రీలకు తగ్గిన ఒంట్లో పాలు అరగవు. ముందు మెల్లగా వెచ్చబరచాలి.

కోళ్లఫారాల్లో వాడే 250 వాట్ల ఎర్ర బల్బు గడ్డి పరిచిన గూట్లో కట్టొద్దు, జారి పడితే నిమిషాల్లో అంటుకుంటుంది. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో కుక్కే కాదు, అదే గదిలో పడుకున్న మనుషులూ పోతారు.

కరెంటు లేని సరుకులోనూ మోసముంది. ‘సెల్ఫ్ హీటింగ్’ చాపలు తమంతట తాము వేడెక్కవు. లోపల గరగరమనే మెరుపు కాగితంలాంటి పొర కుక్క ఒంటి వేడినే తిప్పి పంపుతుంది. ప్రమాదం లేదు గానీ హీటరంత ధర పెట్టకండి. ‘మెమరీ ఫోమ్’ పరుపైతే తూకం వేయండి. 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 10 మందం ఉన్న పరుపు, ఘనమీటరుకు 40 కిలోల సాంద్రత గల ఫోమ్‌తో చేస్తే రెండు కిలోలు దాటాలి. 700 గ్రాములే తూగితే అందులో 13 సాంద్రత సరుకుంది, నెల తిరక్కుండా గచ్చుకు ఆనిపోతుంది. స్వెటర్లు సైజు అక్షరాన్ని బట్టి కాక ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను బట్టి కొనండి. రెండు వేళ్లు దూరాలి. తెల్లారగానే విప్పేయాలి, పదింటికి మన ఎండలో అది కొలిమే.

ప్యాడ్ మీద కాలిందని అనుమానమొస్తే ఆ చోట కుళాయి నీళ్లు పది నుంచి ఇరవై నిమిషాలు మెల్లగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు నూనె వద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మీకు మీరుగా వేయకండి, కుక్కలకు విషం. వైరు కొరికి షాకు కొడితే మెయిన్ ఆపాకే కుక్కను ముట్టుకోండి. లేచి తిరుగుతున్నా అదే రోజు పశువుల డాక్టరుకు చూపించాలి, ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తర్వాత చేరొచ్చు.

డబ్బు వెనక్కి అడిగేటప్పుడు అమ్మినవాళ్లు సాధారణంగా చెప్పేది ‘మీరు కవరు విప్పారు, వాపసు లేదు’ అని. అందుకే పార్శిల్ తెరిచేది వీడియో తీయండి, పరీక్షలో థర్మామీటరు అంకెలు కూడా అందులో పడనివ్వండి, ప్యాడ్‌ను కత్తిరించకండి. మాట వినకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలుగులోనే చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే 2019 చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. రెండేళ్ల గడువుంది, ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. బిల్లు, డబ్బా, చీటీ, డాక్టరు రాసిచ్చిన కాగితం, ఆ ప్యాడ్, అన్నీ ఒక సంచిలో కట్టి పెట్టుకోండి.