గవర్నరుపేటలో ఒక సెలూన్: క్షవరం లేదు, మద్యమూ లేదు

విజయవాడ గవర్నరుపేటలో ఈ మధ్య తెరిచిన ఒక కెఫేకు నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి కుతూహలం కొద్దీ, రెండోసారి అక్కడి అల్లం సోడా కోసం, మూడోసారి గోడ మీది తప్పు ఒకటి దిద్దించడానికి. లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక పేరు రాయడం లేదు. బోర్డు మీద ‘సెలూన్’ అని తెలుగులో రాయించినందువల్ల తొలి వారంలో ఇద్దరు ముగ్గురు క్షవరం కోసం వచ్చి వెనుదిరిగారని యజమాని నవ్వుతూ చెప్పాడు. అమెరికాలో ఒకప్పుడు ఆ మాటకు సారాయి దుకాణమని అర్థం.

లోపలి అలంకారమంతా మద్యనిషేధ కాలపు లాస్ వేగాస్. ఆ పేరు వినగానే జిగేలుమనే జూదశాలలు గుర్తుకొస్తాయి గాని, 1920 జనాభా లెక్కల నాటికి అది కేవలం 2,304 మంది నివసించే రైల్వే ఊరు. లాస్ ఏంజెలెస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి ఎడారి మీదుగా లైను వేసిన రైలు కంపెనీ, ఆవిరి ఇంజన్లకు నీటి ఊటలు దొరికాయన్న కారణంతో అక్కడ మజిలీ ఏర్పరచుకుని, 1905 మే 15న ఇళ్ల స్థలాలు వేలం వేసింది. అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు వరకు మద్యం నిషిద్ధం కనుక ఈ కెఫేలోనూ మద్యం ఉండదు. బార్ లైసెన్సు ఖర్చు లేకుండా బార్ హంగులన్నీ పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సాకు ఎవరికీ దొరకదు.

నాకు అన్నిటికంటే నచ్చినది కౌంటరు. పాతకాలపు బుకింగ్ కిటికీలాగా ఇనుప ఊచలు బిగించి, డబ్బు కట్టగానే చిన్న అట్ట టికెట్టు మీద తేదీ గుద్ది ఇస్తారు. గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన మా నాన్నగారి జేబులో అలాంటి టికెట్లు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, దాన్ని తిరిగి ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను. బిల్లును మాత్రం డాక్టరు చీటీలాగా అచ్చు వేయించారు. నిషేధ కాలంలో డాక్టరు రాసిస్తే రోగికి పది రోజులకు ఒక పైంటు విస్కీ మందుల షాపులో చట్టబద్ధంగా దొరికేది; దానికి గుర్తుగా ఈ బిల్లు. రెండింటినీ ‘మందు’ అనే పిలుస్తాం కనుక, ఈ హాస్యం ఇంగ్లీషులో కంటే తెలుగులోనే బాగా పండింది.

ఇక అల్లం సోడా. ఊకలోంచి తీసిన ఐసు దిమ్మను కడిగి, గోనెసంచిలో చుట్టి, కొయ్య సుత్తితో మన ఎదురుగానే కొడతారు. దంచిన అల్లం, సైంధవ లవణం, నిమ్మరసం గ్లాసులో వేసి, పైన గోలీ సోడా కొట్టి ఇస్తారు. అల్లం ఘాటు ముక్కుకెక్కిన తర్వాతే తీపి తెలుస్తుంది. తొంభై రూపాయలు ఎక్కువే అయినా, మే నెల బెజవాడ ఎండలో పడి వచ్చినవాడు బేరం గురించి ఆలోచించడు. పక్క గోడ మీద ఈ ఐసుకు సంబంధించిన పటమే ఉంది: కాలిఫోర్నియా నుంచి పళ్లు తీసుకెళ్లే వ్యాగన్లను ఆ ఎడారి ఊళ్లో ఆపి ఐసు నింపేవారు. సారా కథలకన్నా ఆ ఊరి బతుకును ఈ ఒక్క పటం ఎక్కువ చెబుతుంది. దాని పక్కనే 1922 సమ్మె గురించి కూడా నాలుగు వాక్యాలు ఉన్నాయి. జీతాల కోతకు నిరసనగా దేశమంతటా రైల్వే వర్క్‌షాపు కార్మికులు పని మానేశారు. ఆ తర్వాత కంపెనీ లాస్ వేగాస్ వర్క్‌షాపును కాలియెంటే అనే మరో ఊరికి తరలించింది. గుంటుపల్లి నుంచి వర్క్‌షాపు ఎత్తేస్తే చుట్టుపక్కల టీ కొట్లు ఏమవుతాయో ఊహించగలిగినవారికి ఆ నాలుగు వాక్యాలు చాలు.

కట్లెట్ బాగుంది, చికెన్ మామూలు. బార్ స్టూళ్ల ఎత్తు మోకాళ్ల నొప్పులున్నవారికి శిక్ష. పాటల మోత మధ్య మాటలు వినబడవు.

అసలు తకరారు వెనక గోడతో వచ్చింది. అక్కడ రౌలెట్ అనే జూదపు చక్రాన్ని పెద్దగా గీయించి, కింద ‘1925’ అని వేశారు. పక్కన షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ బొమ్మ. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో జూదం చట్టబద్ధమైంది 1931 మార్చి 19న. ఆ గోడ మీద ఉండవలసిన మనిషి మేమీ స్టాకర్. ఆమె భర్త రైల్వే ఉద్యోగి కావడంతో వ్యాపారం ఆమె పేరున నడిచింది. 1920లో ఫ్రీమాంట్ వీధిలో కూల్‌డ్రింకుల దుకాణమని చెప్పి నార్తర్న్ క్లబ్ తెరిచింది ఆమే. 1931లో జూదానికి తొలి లైసెన్సు దక్కిందీ ఆమెకే. కూల్‌డ్రింకుల దుకాణం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కరలేదు. 1995 జనవరిలో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు, సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గరి సోడా కొట్టాయన, లుంగీ మడతలో సీసాతో వచ్చినవారికి సోడా కొట్టి ఇచ్చి, వెంటనే వీధి వైపు తిరిగి సైకిళ్లు లెక్కపెడుతున్నట్టు నిలబడేవాడు.

ఇదంతా చెబితే యజమాని ఓపికగా విన్నాడు. “బాబాయ్ గారూ, చక్రం తీసేస్తే ఇది లాస్ వేగాస్ అని ఎవరు నమ్ముతారండీ?” అన్నాడు.

“చక్రం ఉండనీ బాబూ, సంవత్సరం మార్చు. ఆ కపోన్‌ను మాత్రం షికాగో పంపించెయ్యి,” అన్నాను.

మూడోసారి వెళ్లేసరికి కపోన్ కనబడలేదు. మేమీ స్టాకర్ బొమ్మ ఇంకా రాలేదు గాని, చక్రం కింద ఇప్పుడు ‘1931’ అని ఉంది. రంగు పలచగా వేసినందువల్ల దాని కింది నుంచి పాత 25 ఇంకా కనబడుతోంది.