క్రూయిజ్‌లో కింది డెక్ గది: ఎవరికి నప్పుతుంది, ఎలా ఎంచుకోవాలి

క్రూయిజ్ టికెట్ కొనేటప్పుడు చాలామంది చూపు ముందుగా ఓడ పై అంతస్తుల మీదికి, అంటే పై డెక్‌ల మీదికి, బాల్కనీ గదుల మీదికి పోతుంది. కింది డెక్ గది అనగానే అదేదో డబ్బు చాలనివాళ్ల సర్దుబాటు అనుకుంటారు. మేము మాత్రం అత్తయ్యగారి కోసం కోరి కింది డెక్ తీసుకున్నాం. బస్సు నాలుగు మలుపులు తిరిగితే చాలు, ఆవిడకు కడుపులో తిప్పేస్తుంది. సముద్రం మీద ఆవిడ రాత్రుళ్లు ఎలా గడుస్తాయన్నదే మా బెంగ.

ఓడ ఊపు ముఖ్యంగా రెండు రకాలు. అలలు పక్క నుంచి తగిలితే కుడి ఎడమలకు ఒరుగుతుంది, ఎదురుగా వస్తే ముందు భాగం లేస్తూ దిగుతూ ఉంటుంది. పెద్ద ఓడలకు నీటి అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. బాగా ఒరుగుతుందని పేరుపడ్డ క్వీన్ మేరీ అనే పాత బ్రిటిష్ ప్రయాణికుల ఓడకు కూడా 1958లో వీటిని అమర్చారు. ఇవి పక్కల ఊపును చాలావరకు తగ్గిస్తాయి కానీ ముందువెనుకల ఊపును అణచలేవు. ఆ ఊపు తూగుబల్ల లాంటిది: చివర్లలో కూర్చున్నవాళ్లు ఎగిరిపడతారు, నడుమ ఉన్నవాళ్లు పెద్దగా కదలరు. ఇక పక్కల ఒరుగుడు ఎత్తుకు పోయేకొద్దీ ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఊపు పడనివాళ్లకు ఓడ పొడవులో నడుమ, ఎత్తులో కింద ఉన్న గదే మేలు. కిందనే ఉన్నా ఓడ మొదట్లోనో చివర్లోనో ఉంటే సగం లాభం పోయినట్టే.

గాలి బాగా హెచ్చిన ఒక రాత్రి ఈ తేడా కళ్లారా చూశాం. పైన ఈతకొలనులో నీళ్లు గట్టు దాటి పొర్లుతుంటే సిబ్బంది దానిమీద వల కట్టేశారు. భోజనశాలలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. కిందికి వచ్చి చూస్తే మా బల్లమీది గ్లాసు పెట్టినచోటే ఉంది, అందులో నీళ్లు మాత్రం మెల్లగా ఒక అంచు నుంచి మరో అంచుకు వాలుతున్నాయి. తెల్లవారాక అత్తయ్యగారు లేచి, "ఓడ ఆగిందా అమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మా బెంగ తీరిపోయింది.

మా గది కిటికీ గుండ్రంగా, మందపాటి అద్దంతో ఉండేది. తెరుచుకోదు. కానీ నీళ్లు ఎంత దగ్గరో! పైనుంచి చూస్తే సముద్రమంతా ఒకే నీలం పరుపులా ఉంటుంది, ఇక్కడ మాత్రం అల విరిగేచోట ఆకుపచ్చ రంగు, నురుగులో బుడగలు కూడా కనిపిస్తాయి. నాకు బాల్కనీ కన్నా అదే నచ్చింది. ఒక ఇబ్బంది ముందే తెలుసుకోవాలి. సముద్రం మరీ పోటెత్తితే అట్టడుగు డెక్‌ల కిటికీలకు లోపలివైపు ఉక్కు మూతలు బిగిస్తారు. మా గదికీ ఒక సాయంత్రం సిబ్బంది వచ్చి మూసి వెళ్లారు. మూసిన గదిలో ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

చప్పుళ్ల విషయానికొస్తే, గది ఎక్కడుందన్నదే అంతా. ఓడ ముందు భాగంలో లంగరు గొలుసు దిగేటప్పుడు గది అదురుతుంది. రేవులో ఓడను పక్కకు జరపడానికి అక్కడే అడ్డంగా తిరిగే ప్రొపెల్లర్లు ఉంటాయి. ఓడలు ఎక్కువగా తెల్లవారుజామునే రేవుకు చేరుతాయి కాబట్టి అక్కడ పడుకున్నవాళ్ల నిద్ర గోవిందా. వెనుక చివర ఇంజిన్ల అదురు ఉంటుంది. డెక్ పటంలో మీ గదికి పైన, కింద ఏమున్నాయో తప్పక చూడండి. రెండువైపులా గదులే ఉంటే హాయి. నాటకశాల, డాన్సు హాలు పక్కన అర్ధరాత్రిదాకా మోత తప్పదు. పటంలో పేరు రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు చాలావరకు వంటశాలలో, సిబ్బంది పనిచేసే గదులో అయి ఉంటాయి. అలాంటివాటి పక్కన తీసుకోకండి. పై డెక్ గదులేమీ ప్రశాంతం కావు: కొలను కిందున్న గదివాళ్లు పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడుకు లేచామని చెప్పారు.

ధర తగ్గించి, గది నంబరు తరువాత మేమే ఇస్తామనే టికెట్లు ఉంటాయి. మాకూ ఒక ఏజెంటు అదే అంటగట్టబోయాడు, అన్ని గదులూ ఒకటేనన్నాడు. ఊపు పడనివాళ్లు ఉంటే దాని జోలికి పోవద్దు. నంబరు మనం ఎంచుకోగలగడమే ఇక్కడ అసలు లాభం.

కింద ఉంటే ప్రమాదం కదా అని మావాళ్లే చాలామంది అడిగారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడకు ప్రమాదం జరిగినప్పుడు, అదేరోజు ఎక్కిన కొందరికి, ఆపదలో ఎక్కడికి చేరాలో నేర్పే భద్రతా డ్రిల్ ఇంకా జరగనే లేదు. ఆ తరువాత నిబంధన మారింది. 2015 నుంచి ఓడ బయలుదేరేముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ పూర్తికావాలి. మేము డ్రిల్ అయ్యాక తలుపు వెనుక ఉన్న పటం చూసుకుని, లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా మాకు కేటాయించిన చోటికి నడిచి చూశాం. అత్తయ్యగారు ఎంతసేపట్లో ఎక్కగలరో తెలిసింది.

నిజంగా విసుగు తెప్పించింది లిఫ్టులే. ఫలహారాలు పైన, గది అడుగున. ఉదయం కిందికి వచ్చే లిఫ్టులన్నీ నిండిపోయి ఉండేవి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్టుకు నాలుగైదు తలుపుల దూరంలో గది చూసుకోవాలి, మరీ ఆనుకుని ఉంటే మాటల సందడి. రేవులో దిగే తలుపు మాత్రం చాలాసార్లు కింది డెక్‌లలోనే ఉంటుంది. ఆ ఒక్క విషయంలో మాదే పైచేయి.

కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలైన ఫియోర్డుల మధ్య, హిమానీనదాల పక్కన తిరిగే ప్రయాణమైతే, గదిలోంచే చూడాలనుకునేవాళ్లు బాల్కనీకి డబ్బు పెట్టడం సబబే. మేమైతే పై డెక్‌కు వెళ్లి నిలబడతాం, రెండువైపులా కనిపిస్తుంది. ఈసారి కూడా కింది డెక్, నడుమ గదే. సముద్రం నెమ్మదిగా ఉండే కాలంలో కిటికీ గది తీసుకుంటాం. మహాసముద్రం దాటే ప్రయాణమైతే మాత్రం, మూతలు పడే కిటికీకి ఎక్కువ ఇవ్వకుండా కిటికీ లేని లోపలి గది తీసుకుంటాం.