పువ్వు మోడల్: అండాశయం వరకు బాగుంది, లోపల తప్పుంది

పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ పువ్వు మోడల్ ఇది, రెండు వేల లోపే పడింది. ఐదుకి మూడు స్టార్లు.

రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టొచ్చు. వెనక బెంచీకి కూడా కనిపించేంత పెద్దది. నాకు బాగా నచ్చింది నిలువునా తెరుచుకునే అండకోశం (పువ్వులోని ఆడ భాగం): దాని కొన అయిన కీలాగ్రం మీద పడ్డ పుప్పొడి రేణువు నుంచి పరాగనాళం (సన్నని గొట్టం) మొలిచి, కీలం అనే కాడ లోపలి నుంచి దిగి, అండాశయంలోని అండం (తర్వాత విత్తనమయ్యేది) దాకా వెళ్లే దారంతా ఎర్ర గీతతో చూపించారు. నిజం పువ్వు కోసినా ఈ దారి కంటికి కనిపించదు, బోర్డు మీద గీస్తే సగం మందికి ఎక్కదు.

కానీ అండంలోని పిండకోశం (స్త్రీబీజకణం ఉండే సంచి) చూశాక చాలా బాధేసింది. పరాగనాళం సాధారణంగా అండద్వారం (అండానికి ఉండే సన్న రంధ్రం) గుండా వస్తుంది కాబట్టి స్త్రీబీజకణం, దాని పక్కన రెండు సహాయ కణాలు ఆ వైపే ఉండాలి, మూడు ప్రతిపాద కణాలు అవతలి చివర ఉండాలి. ఇందులో తలకిందులుగా పెట్టారు! పరాగనాళం తెచ్చే రెండు పురుషబీజాల్లో ఒకటి స్త్రీబీజంతో, రెండోది మధ్యలో ఉన్న ధ్రువ కేంద్రకాలతో కలుస్తాయని, ఆ రెండో కలయిక నుంచే అంకురచ్ఛదం, అంటే గింజలో మొలకకు ఆహారమయ్యే భాగం, వస్తుందని (మనం తాగే కొబ్బరి నీళ్లు, తినే కొబ్బరి అదే) చెప్పాల్సిన చోటే బొమ్మ తప్పుగా ఉంటే పిల్లలు ఏది నమ్మాలి? అమ్మినవాళ్లు రిటర్న్ పెట్టమన్నారు గానీ, తయారీలోనే తప్పున్నప్పుడు ఇంకోటి తెప్పించుకున్నా అదే వస్తుంది. నేను పైన స్టిక్కర్లు అంటించి సరిచేసుకున్నాను. పేర్లు కూడా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, తెలుగు మీడియం వాళ్లు ఎలాగూ స్టిక్కర్లు రాసుకోవాల్సిందే.

ఇంకో మాట, దీన్ని ఒంటరిగా వాడకండి. ఇందులో కేసరాలు ఐదూ విడివిడిగా ఉన్నాయి, అదే మందారంలో అవన్నీ కలిసి కీలం చుట్టూ గొట్టంలా ఉంటాయి, పైన ఐదు కీలాగ్రాలు. ఉమ్మెత్తలో కేసరాలు ఆకర్షణ పత్రాలకే అతుక్కుని ఉంటాయి (విషం, కోశాక చేతులు కడిగించండి). కాకర పాదు దగ్గరికి తీసుకెళ్తే మగ పువ్వు, ఆడ పువ్వు వేరువేరుగా కనిపిస్తాయి, ఆడ పువ్వు కింద బుల్లి కాయ ముందే ఉంటుంది.

సరిదిద్ది చెప్పగలిగే టీచర్లు కొనొచ్చు. పిల్లలు ఇంట్లో సొంతంగా చదువుకోవడానికైతే మాత్రం వద్దు.