బాలింత దిగులుకు టెలీ మానస్ (14416) ఎంతవరకు ఆసరా?

ఉదయగిరి వైపు పల్లెల్లో బాలింత రోజూ ఏడుస్తుంటే ముందు దిష్టి తీస్తారు, తగ్గకపోతే తాయెత్తు కడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలంటే చాలామందికి నెల్లూరు ప్రయాణమే. కుట్లు ఆరని మనిషి చంటిబిడ్డతో బస్సులో అంత దూరం ఎలా పోతుంది? అందుకే ఇంటి నుంచే ఫోన్‌లో మానసిక సాయం అడిగే టెలీ మానస్ నంబరు 14416 పెద్ద ఆసరా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ముందు మాట్లాడేది కౌన్సిలర్. అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు, లేదా ఈ-సంజీవనికో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ, వీడియోలో డాక్టరు చూస్తారు) ఆసుపత్రికో పంపుతారు. మొదటి ఫోన్‌కే మందుల చీటీ వస్తుందనుకోవద్దు.

కాన్పు కష్టమైనవాళ్లకు లోటు కనబడేది ఇక్కడే. "నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది" అంటే సలహా కూడా అంతవరకే వస్తుంది. డిశ్చార్జి చీటీ పక్కన పెట్టుకుని, ఎన్నో నెలలో కాన్పు, సిజేరియనా, బీపీ, షుగరు ఉన్నాయా, రక్తం ఎక్కువ పోయిందా, బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల వార్డు) ఎన్నాళ్లుంది, ఇవన్నీ మొదటే చెప్పాలి. బీపీకి మిథైల్‌డోపా వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఆ మందే దిగులు పెంచొచ్చు గనక కాన్పయిన రెండు రోజుల్లో వేరే మందుకు మార్చాలంటారు. మార్చాల్సింది డాక్టరే, సొంతంగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. రక్తహీనత, థైరాయిడ్ తేడా కూడా అచ్చం దిగులులాగే కనిపిస్తాయి. అవి ఫోన్‌లో తేలవు, రక్తపరీక్ష చేయించాల్సిందే.

మూడో రోజు మొదలై రెండు వారాల్లోపు తగ్గే ఏడుపు మామూలే. అది దాటితే ఫోన్ చేయండి. బాలింత దిగులు ఎంతుందో చూసే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలు, 30 మార్కులు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునంటే మొత్తం ఎంతొచ్చిందని చూడనక్కర్లేదు, వెంటనే సాయం కావాలి.

తీవ్రమైన తలపోటు, చూపు మసకబారడం 14416 పని కాదు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా బీపీ ప్రమాదం ఉంటుంది, దాన్ని బెంగ అనుకుని కూర్చోవద్దు, 108 పిలవండి. నిద్రే లేకుండా తిరగడం, లేని మాటలు వినబడటం, బిడ్డ తనది కాదనడం కనిపించినా అంతే. ఆమెనూ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దు.

పాలిచ్చే తల్లికి దిగులు తగ్గడానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందు సెర్ట్రలిన్. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే "పనిచేయలేదు" అని మానేయడంతోనే చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొకటి, ఇంట్లోవాళ్లకు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చుట్టూ కూర్చుంటే ఆమె సగమే చెబుతుంది. అత్తయినా అమ్మయినా బిడ్డను ఎత్తుకుని అరగంట బయట కూర్చోండి, తలుపు దగ్గరగా వేసి.