వరదలో మేడ మీద చిక్కుకున్నవాళ్లని హెలికాప్టర్‌తో కాపాడాలంటే: వించా, దిగడమా?

వించ్ (తాడు దింపి మనిషిని పైకి లాగే యంత్రం): హెలికాప్టర్ గాల్లో కదలకుండా నిలబడాలి. కింద వేలాడే మనిషి పైలట్‌కి కనబడడు. తలుపు దగ్గరున్న సిబ్బంది "కొంచెం కుడికి, ఆగు" అంటే ఆ మాట మీదే నడపాలి. ఒక్కోసారి ఒకరిద్దరినే లాగగలరు, ఈలోపు ఇంధనం అయిపోతుంటుంది.

దిగడం (హెలికాప్టరే మేడ మీద వాలడం): అందరూ గబగబా ఎక్కేస్తారు. కానీ శ్లాబ్ అన్ని టన్నులు మోయదు. చక్రాలు ఆనీ ఆనకుండా ఉంచి, జనం ఎక్కేకొద్దీ పవర్ పెంచుతూ పోవాలి. పక్కనే కరెంటు తీగలు. అసలు టెన్షన్ ఇక్కడే! 2018 ఆగస్టు కేరళ వరదల్లో చాలకుడి దగ్గర నౌకాదళ సీకింగ్ హెలికాప్టర్ ఇలా మేడ మీద దిగి 26 మందిని కాపాడింది.

నా ఓటు మామూలుగా వించ్‌కే. చెట్లు, తీగలు, పాత మేడ ఉంటే ఇంకో ఆలోచనే వద్దు. తాడుకి వేలాడలేని ముసలివాళ్లు ఎక్కువమంది ఉండి, మేడ విశాలంగా ఉంటే, చెయ్యి తిరిగిన పైలట్ దిగడమే మేలు.