నెలకో సూది, రెండ్రోజుల ముందు ఒక ఫోను: అరుదైన క్యాన్సర్ సంస్థ నర్సుల సేవ, నాలుగేళ్ల వాడకం తర్వాత

న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అన్న మాట వరంగల్ మందుల దుకాణాల్లో ఇప్పటికీ రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. 2018లో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు ఈ జబ్బేనని చెప్పినప్పుడు కొన్నాళ్లు పేపర్లలో నలిగి, మళ్లీ మరుగున పడింది. పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో హార్మోన్లు విడుదల చేసే కణాల నుంచి పుట్టే గడ్డలివి. చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే ఏళ్లకేళ్లు గ్యాస్ట్రిక్ అని, ఆయాసమని, ఆడవాళ్లకైతే ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లని మందులు మింగుతూ పోతారు. జబ్బు పేరు తేలాక చేతికొచ్చేది నెలనెలా వేల రూపాయల సూది, అర్థంకాని నాలుగు రిపోర్టులు.

హైదరాబాద్ నుంచి పనిచేసే ఒక అరుదైన క్యాన్సర్ల స్వచ్ఛంద సంస్థ సేవను మా ఇల్లు నాలుగేళ్లుగా వాడుతోంది. 28 రోజులకొకటి చొప్పున 50 సూదులు దాటాయి. మంచితో పాటు లోపాలూ రాస్తున్నాం కాబట్టి పేరు పెట్టడం లేదు. ఇద్దరు నర్సులు, ఒక డైటీషియన్, కాగితాల పని చూసే సోషల్ వర్కర్, ఫోన్లు ఎత్తే ఇద్దరు. పైసా తీసుకోరు. మందు రాయరు, మోతాదు మార్చరు. "డోసు సంగతి డాక్టర్‌నే అడగాలమ్మా" అని మొహమాటం లేకుండా చెప్తారు. కొందరికి ఇది కోపం తెప్పిస్తుంది గానీ, వాళ్ల మీద మాకు నమ్మకం కుదిరింది అక్కడే.

సూది తేదీకి రెండ్రోజుల ముందు ఫోను వస్తుంది. సేవ మొత్తంలో ప్రాణం ఇదే. అడిగేవి ప్రతిసారీ దాదాపు అవే ప్రశ్నలు: మందు ఫ్రిజ్‌లో ఏ అరలో ఉంది, కరెంటు ఎంతసేపు పోయింది, పోయినసారి ఏ పక్క పిరుదుకు ఇచ్చారు, ఈసారి ఎవరు ఇస్తున్నారు, షుగర్ ఎంత ఉంది, విరేచనాలు రోజుకు ఎన్ని. మొదట్లో ఇవి వట్టి లాంఛనంలా అనిపిస్తాయి. నెలకోసారి వేసే ఈ సూది, గడ్డ వదిలే హార్మోన్లను అణిచే ఆక్ట్రియోటైడ్ ఎల్‌ఏఆర్, ఎలాంటి మందో తెలిశాక ఒక్క ప్రశ్న కూడా వదలకూడదని అర్థమవుతుంది.

ఇది మామూలు యాంటీబయోటిక్ సూది కాదు. పొడి ఒక సీసాలో, ద్రవం నింపిన సిరంజి వేరుగా వస్తాయి. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, గడ్డ కట్టకూడదు. ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది, ఫ్రీజర్ గోడకు ఆనిస్తే గడ్డకడుతుంది. నడిమి అరే సరైన చోటు. మే నెలలో హనుమకొండలో కొని భూపాలపల్లికో, మంచిర్యాలకో తీసుకెళ్లేవాళ్లకు నర్సులు చెప్పేది ఇదీ: చిన్న థర్మకోల్ డబ్బా, రెండు ఐస్ జెల్ ప్యాకులు, మందుకూ జెల్ ప్యాకుకూ మధ్య నాలుగు మడతల తువాలు. నేరుగా ఐస్ మీద పెట్టి తెచ్చిన మందు చల్లగా ఉందని సంతోషిస్తాం గానీ, అది గడ్డకట్టి ఉంటే ఇక పనికిరాదు.

సూది వేసే అరగంట నుంచి గంట ముందు మందును బయటికి తీసి గది వేడికి రానివ్వాలి. ద్రవాన్ని సీసాలోకి ఎక్కించాక 2 నుంచి 5 నిమిషాలు కదపకుండా వదిలేయాలి, పొడంతా తడవాలి. తడిసిందని కళ్లతో చూసుకున్నాకే సీసాను కనీసం 30 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పాలి. గిలకొట్టకూడదు. పాలలా తెల్లగా, ఉండలు లేకుండా వస్తే వెంటనే సిరంజిలోకి లాగి, పిరుదు పైభాగంలో బయటి వైపు, కండ లోతుకు వేయాలి. ఆలస్యం చేస్తే రేణువులు అడుక్కు దిగుతాయి.

ఊళ్లల్లో పాడయ్యేది ఇక్కడే. చేతిలో పదిమంది రోగులున్న కాంపౌండర్ మందును ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే కలిపి, అలవాటు ప్రకారం గట్టిగా ఊపేస్తాడు. పొడి ఉండలు కట్టి సూదిలో అడ్డుపడుతుంది, సగం మందు సీసాలోనే మిగులుతుంది. ఇంకో తప్పు, రోగి భయపడుతున్నాడని ప్యాకెట్‌లో వచ్చిన సూదిని తీసేసి సన్నదో పొట్టిదో వాడటం. సన్నది మూసుకుపోతుంది. పొట్టిదైతే మందు కండకు చేరక కొవ్వులోనే ఉండిపోయి గడ్డ కడుతుంది, ఆ నెలంతా విరేచనాలు తగ్గవు. అప్పుడు మందు పనిచేయడం లేదని డోసు పెంచమంటారు. తప్పు మందుది కాదు, చేతిది.

సంస్థ నర్సులు కనిపెట్టిన ఉపాయం చిన్నదే: సూది వేసేటప్పుడు వీడియో కాల్. ఇక్కడి సిస్టర్ ముందు ఫోను నిలబెడితే, అక్కడి నుంచి "ఇంకో నిమిషం ఆగండి సిస్టర్, అడుగున పొడి ఇంకా తడవలే" అని చెప్తారు. మూడు నెలలు ఇలా చేస్తే ఇక్కడి సిస్టర్ చెయ్యి తిరుగుతుంది. సూది అడ్డుపడితే బలంగా తోయొద్దని, ఎంత మందు లోపలికి వెళ్లింది, ఎంత పోయింది అన్నది రాసి డాక్టర్‌కు చెప్పాలని, సొంతంగా ఇంకో డోసు వేయించుకోవద్దని చెప్తారు. దీని బదులు లాన్రియోటైడ్ అనే ఇలాంటి సూదే వాడేవాళ్లకు ఈ కలిపే గొడవ లేదు. అది నింపిన సిరంజిగానే వస్తుంది, చర్మం కింద లోతుగా, తొందరపడకుండా వేస్తే చాలు.

మొదలుపెట్టేవాళ్లు మోసపోయే చోటు ఇంకొకటుంది. నెలకోసారి వేసే పెద్ద సూది పడగానే, అంతకుముందు నుంచి రోజూ వేసే చిన్న ఆక్ట్రియోటైడ్ సూదులు మానేస్తారు. పెద్దది రక్తంలో సరిపడా మట్టానికి రావడానికి సమయం పడుతుంది. కనీసం రెండు వారాలు చిన్నవి కొనసాగించాలి. నర్సులు ఆ రెండు వారాలూ రోజు విడిచి రోజు ఫోను చేశారు.

విరేచనాల గురించి మాట్లాడించడం ఒక విద్య. మన దగ్గర పెద్దమనుషులు ఆ మాట కూతురితో కూడా అనరు. "బాపూ, సిగ్గు పడకు. నీళ్లు పోస్తే పోతుందా, పైన నూనె తేలుతుందా?" అని నర్సు అడిగే తీరులో ఆ బిడియం కరిగిపోతుంది. ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. నీళ్లలా, పగలూ రాత్రీ, ముఖం ఎర్రబడుతూ వస్తే అది గడ్డ వదిలే హార్మోన్ల పని. జిడ్డుగా, వాసనగా, తేలుతూ వస్తే కొవ్వు అరగడం లేదని. ఈ సూది క్లోమరసాలను కూడా అణుస్తుంది కాబట్టి రెండోది చాలామందికి వస్తుంది. మొదటిదానికి క్యాన్సర్ డాక్టర్, రెండోదానికి ఎంజైమ్ గోళీలు. రెంటినీ కలిపి లూజ్ మోషన్ అని చెప్తే వైద్యం తప్పుతుంది.

ఎంజైమ్ క్యాప్సూల్ మొదటి ముద్దతో మింగాలి. ఒకటి కంటే ఎక్కువ రాస్తే మిగతావి భోజనం నడుమ. తిన్నాక వేసుకుంటే అన్నం ముందు వెళ్లిపోతుంది, మందు వెనక పడుతుంది. వేడి చాయ్‌తో మింగితే ఎంజైమ్ దెబ్బతింటుంది. నాలుగేళ్లలో మేం చూసిన రోగుల్లో ఎక్కువమంది చేసే తప్పు ఈ చాయ్‌దే.

డైటీషియన్ దగ్గర మొదట నిరాశే. వచ్చిన పట్టికలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, చీజ్ లేని సలాడ్. మక్క గట్క, సర్వపిండి, పచ్చిపులుసు, బోటీ కూర తినే ఇంటికి ఆ కాగితం ఏ పనికొస్తుంది? గట్టిగా చెప్పాక మార్చారు. కల్లు, సారా ముఖం ఎర్రబడటాన్ని రేపుతాయని, ఒకేసారి కడుపునిండా కాకుండా ఐదారుసార్లు కొద్దికొద్దిగా తినాలని, బోటీ, వేపుళ్లు ఎందుకు పడవో తెలుగులో వాయిస్ మెసేజ్‌గా పంపారు. ఆ మెసేజ్ ఇప్పుడు ఆదిలాబాద్ దాకా తిరుగుతోంది.

ఆమె పట్టుకున్న ఒక సంగతి డాక్టర్ల కళ్లు కూడా దాటిపోయేది. ఈ గడ్డల్లో సెరొటోనిన్ అనే హార్మోన్ వదిలేవి, శరీరంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని దాని తయారీకి లాగేసుకుంటాయి. నియాసిన్, అంటే బి3 విటమిన్, తయారవడానికీ ఆ ట్రిప్టోఫానే కావాలి. కొరత పడితే ఎండ తగిలే చోట చర్మం నల్లబడి, గరుకై, పగులుతుంది. పెల్లగ్రా అంటారు. పూర్వం దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికినవాళ్లలో ఇదే కనబడేదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1960లలో పరిశోధించింది. అందుకే జొన్నరొట్టె ఒక్కటే తినకుండా పప్పు, గుడ్డు, పాలు కలపాలని ఆమె పట్టుబడతారు. విటమిన్ కూడా నికోటినమైడ్ రూపంలోనే డాక్టర్‌ను అడగమంటారు. నేరుగా నియాసిన్ వేసుకుంటే ముఖం ఇంకా ఎర్రబడుతుంది.

పరీక్షల ముందు ఫోన్లు కూడా అంతే విలువైనవి. 24 గంటల మూత్రంలో 5-హెచ్‌ఐఏఏ (సెరొటోనిన్ విరిగితే మిగిలే పదార్థం) చూసే పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి టమాట, వంకాయ, అరటిపండు, అనాస, అక్రోట్ ముట్టకూడదు. టమాట, వంకాయ లేకుండా మూడు రోజులు మన వంటింటికి కష్టమే, పప్పులో పాలకూరో సొరకాయో వేసి గడపాలి. పారాసెటమాల్, కొన్ని దగ్గు సిరప్‌లు కూడా లెక్క తప్పిస్తాయి, మానే ముందు డాక్టర్‌ను అడగాలి. పొద్దున మొదటి మూత్రం పారబోసి అప్పటి నుంచి లెక్క, మర్నాడు పొద్దున మొదటిది పట్టడంతో ముగింపు. డబ్బాలో ముందే పోసి ఉన్నది యాసిడ్. మురికి నీళ్లనుకుని పారబోసి కడిగేసినవాళ్లున్నారు, పరీక్ష మళ్లీ చేయించాల్సి వచ్చింది.

గడ్డ పెరుగుతోందా లేదా చూసే క్రోమోగ్రానిన్ ఎ అనే రక్తపరీక్షకు శత్రువు, కడుపులో యాసిడ్ తగ్గించడానికి పరగడుపున వేసుకునే పాంటొప్రజోల్ గోళీ. అది వాడుతుంటే గడ్డ పెరగకపోయినా అంకె పెరుగుతుంది, ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. సాధారణంగా రెండు వారాల ముందు ఆపి, బదులుగా వేరే మందు ఇస్తారు. కానీ కడుపులో యాసిడ్‌ను విపరీతంగా పెంచే గ్యాస్ట్రినోమా రకం గడ్డ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపితే పేగులో పుండ్లు పడి రక్తం కారే ప్రమాదం ఉంది. అందుకే నర్సులు "ఆపండి" అనరు, "డాక్టర్‌ను అడిగి నాకు చెప్పండి" అంటారు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించమంటారు, ల్యాబ్ మారితే అంకెలను పోల్చలేం.

గడ్డలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే గాలియం పెట్ స్కాన్‌ను తర్వాతి సూదికి కాస్త ముందు పెట్టించుకోవాలి. స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే గాలియం మందు 68 నిమిషాల్లోనే సగానికి తరిగిపోతుంది కాబట్టి, కాజీపేటలో రైలు తప్పితే మీ కోసం తయారుచేసిన డోసు ఆగదు. ముందు రోజే హైదరాబాద్ చేరమని వాళ్లు చెప్పేది అందుకే.

మేం అన్నిటికంటే విలువైనదిగా చూసేది వాళ్లిచ్చిన కార్డు. ఆధార్ కార్డు సైజు, రెండు భాషల్లో. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు, ఈ రోగికి కార్సినాయిడ్ క్రైసిస్ రావచ్చు, ఆక్ట్రియోటైడ్ సిద్ధంగా ఉంచాలి అని ఉంటుంది. అంటే గడ్డ ఒక్కసారిగా హార్మోన్లు వదలడంతో ఉన్నట్టుండి బీపీ పడిపోవడమో, విపరీతంగా పెరగడమో జరిగితే, తెలియని చోట ప్రాణం మీదికి వస్తుంది. పన్ను పీకేటప్పుడు వాడే తిమ్మిరి మందులో తరచూ ఎడ్రినలిన్ ఉంటుంది, ఆ డాక్టర్‌కూ చూపించాలి.

సోషల్ వర్కర్ గురించి రెండు మాటలు. రైలు స్లీపర్, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం ఉంటుందని, ఆ ఫారం మీద ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర ఎక్కడ పడాలో ఆయనే చెప్పారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగిన సంగతి అందరికీ తెలుసు. ముఖ్యమంత్రి సహాయనిధికి అసలు బిల్లులు ఇచ్చేముందు జిరాక్సు తీసి పెట్టుకోవాలన్నది తెలియక నష్టపోతారు.

ఇక లోపాలు. రాత్రి 8 దాటితే ఫోను ఎత్తరు, విరేచనాలు, కళ్లు తిరగడం ఎక్కువయ్యేదేమో రాత్రే. రికార్డు మాటైనా సరే, "ఇలా ఉంటే ఆగకుండా దవాఖానకు వెళ్లండి" అని వినిపిస్తే బాగుండేది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వారంలో సూది తేదీ పడితే వాళ్లకు తట్టలేదు. ములుగు, తాడ్వాయి దారుల్లో జనం ఎలా ఉంటారో హైదరాబాద్‌లో కూర్చుంటే తెలియదు మరి. ఇప్పుడు జాతర ఏడాది అని డైరీలో రాసుకుంటున్నారు, తేదీ అటూఇటూ జరపాలంటే డాక్టర్‌ను ముందే అడిగిస్తున్నారు. పిత్తాశయంలో రాళ్ల కోసం ఆరు నెలలకో ఏడాదికో చేయించే స్కానింగ్, గుండె కవాటాల కోసం ఎకో, ఈ రెంటినీ గుర్తుచేయడం రెండుసార్లు మరిచారు.

అన్నిటికంటే పెద్ద లోటు, నర్సు మారడం. కొత్తామె వచ్చినప్పుడు పాతామె దగ్గరి నోట్స్ ఆమెకు అందలేదు. ఏ పక్క పిరుదుకు పడింది, ఏ బ్రాండ్, ఎన్నిసార్లు అడ్డుపడింది, అన్నీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. అందుకే ఈ సేవ మొదలుపెట్టేవాళ్లు ఒక వంద పేజీల నోటుబుక్ కొనండి. బయాప్సీ రిపోర్టులో కేఐ-67 శాతం (గడ్డ కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే అంకె), గ్రేడ్ మొదటి పేజీలో రాయండి. 3 లోపైతే మొదటి గ్రేడ్, 20 దాటితే మూడో గ్రేడ్. స్లైడ్లు, మైనం బ్లాకులు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో, రసీదు నంబరు ఏమిటో దాని కిందే రాయండి. రెండో పేజీ నుంచి ప్రతి సూదికీ ఒక గీత: తేదీ, పక్క, బ్యాచ్ నంబరు, వేసినవాళ్ల పేరు, ఆ నెల విరేచనాల లెక్క. ఫోను వచ్చినప్పుడు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని మాట్లాడండి.